దీవుల్లో చిన్న పడవలవాళ్ళు చేపలు ఎక్కడ దింపుతారు, ఎవరికి అమ్ముతారు?

రేవుపిచ్చి:
అందరికీ నమస్కారం. దీవుల్లో చిన్నకారు మత్స్యకారుల మీద దొరికిన రిపోర్టల్లా చదువుతున్నాను. దేశం ఏదైనా కథ మాత్రం ఒకటే. ప్రభుత్వమో, ఏదో విదేశీ సంస్థో డబ్బు పెట్టి మంచి జెట్టీ కడుతుంది. పక్కనే వేలం షెడ్డు, ఐస్ ప్లాంటు, కోల్డ్ స్టోరేజీ. ప్రారంభోత్సవం ఘనంగా జరుగుతుంది. కొన్నేళ్ళు తిరిగేసరికి ఆ షెడ్డులో వలలు ఆరేసుకుంటూ ఉంటారు. పడవలేమో ఎప్పటిలాగే ఎవరి ఒడ్డుకి వాళ్ళు లాక్కుంటారు.

"మత్స్యకారులకు అవగాహన లేదు" అని రాసి చేతులు దులుపుకున్న రిపోర్టులు కూడా చూశాను. అది మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు. ప్రాణాలు పణంగా పెట్టి తెచ్చిన చేపని ఎక్కడ అమ్ముకోవాలో వాళ్ళకి తెలియదా? ఈ రంగంలో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. చేప ఏ ఒడ్డున దిగాలో అసలు ఎవరు తేలుస్తారు?

ఉప్పుగాలి:
ముందు పడవే తేలుస్తుందండీ. చిన్న పడవ అంటే ఇంజను, వల, నూనె డబ్బా, అన్నీ ఇంటికి దగ్గరగా కంటికి కనబడుతూ ఉండాలి. రాత్రంతా వేటాడి వచ్చినవాడు దీవికి అటు చివరున్న జెట్టీకి వెళ్ళి చేప దింపి, మళ్ళీ ఇటు తిరిగి రావాలంటే ఆ నూనె ఖర్చు ఎవరిస్తారు? చేప తక్కువ పడ్డ రోజున ఆ ఖర్చుకే సరిపోతుంది.

ఇంకోటి, జెట్టీలు చాలావరకు ఓడల కోసం కట్టినవి. సరుకుల ఓడకి తగిన ఎత్తులో ఉంటాయి. పాటు సమయంలో, అంటే నీళ్ళు తగ్గినప్పుడు, చిన్న పడవలో నిలబడితే జెట్టీ అంచు తలకంటే పైన ఉంటుంది. ఒకడు పడవలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలదొక్కుకుని బుట్ట నెత్తి మీదకి ఎత్తుతాడు, చేపనీళ్ళు మోచేతుల మీదుగా చంకల్లోకి కారుతుంటాయి. పైనొకడు బోర్లా పడుకుని చేతులు కిందకి చాపి అందుకుంటాడు. మధ్యలో ఒక అల వచ్చిందంటే బుట్ట సముద్రంలోకే. పది బుట్టలు ఇలా ఎక్కించేకంటే మోకాలి లోతు నీళ్ళలో దిగి ఇసుక మీదకి మోసుకుపోవడం హాయి. జెట్టీకి కిందిదాకా మెట్లో, నీటితోపాటు లేచి దిగే తేలుడు వేదికో కట్టి ఉంటే కథ వేరేలా ఉండేది. డ్రాయింగు గీసినాయన ఎప్పుడైనా చిన్న పడవ ఎక్కాడో లేదో!

పగడపుదిబ్బ:
ఉప్పుగాలి గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. పగడపు దీవుల చుట్టూ దిబ్బ గోడలా ఉంటుంది. దాంట్లో పడవ దూరే సందులు కొన్నే ఉంటాయి, అవి కూడా కొన్ని పోటు వచ్చినప్పుడే దాటడానికి వీలవుతాయి. కాబట్టి చేప ఏ గంటకి ఒడ్డుకి చేరాలో చంద్రుడు నిర్ణయిస్తాడు, ఆఫీసు టైము కాదు. కొనేవాడు పొద్దున్నే వచ్చి వెళ్ళిపోతే మధ్యాహ్నం పోటుకి లోపలికొచ్చిన పడవ గతి ఏంటి?

గాలి మారితే ఒడ్డూ మారుతుంది. ఒక సీజన్లో అద్దంలా ఉన్న ఒడ్డు ఇంకో సీజన్లో అలల దెబ్బకి పనికిరాదు. అందుకే చాలా దీవుల్లో ఒకే ఊరివాళ్ళకి రెండు రేవులు ఉంటాయి. కట్టే డబ్బు మాత్రం ఒకదానికే వస్తుంది. లక్షద్వీప్‌లో అయితే నైరుతి రుతుపవనాల నెలల్లో పడవలు ఒడ్డుకి లాగేస్తారు, వేటే దాదాపు ఆగిపోతుంది.

లెక్కలమాస్టారు:
రేవు గొడవ సరే, అసలు హీరో ఐస్. ఒక చిన్న లెక్క చూడండి.

ఉష్ణమండల సముద్రంలో పట్టిన చేప వేడి సుమారు 28 డిగ్రీలు. కిలో చేపని 28 నుంచి సున్నాకి దింపాలంటే దాదాపు 100 కిలోజౌళ్ళ వేడి లాగాలి. కిలో ఐస్ కరిగితే 334 కిలోజౌళ్ళు లాగుతుంది. అంటే చల్లబరచడానికి మూడో వంతు కిలో ఐస్ చాలు. మరి పుస్తకాల్లో కిలో చేపకి కిలో ఐస్ అని ఎందుకు రాస్తారు? మిగతాదంతా ఎండకి, పెట్టె గోడల గుండా లోపలికి వచ్చే వేడికి కరిగిపోతుంది కాబట్టి. పెట్టె ఎంత నాసిరకం అయితే అంత ఐస్ దండగ. ఐస్ ప్లాంటుకి పెట్టే ఖర్చులో కొంత మంచి పెట్టెలకి పెడితే మేలని నా గట్టి నమ్మకం, కానీ పెట్టెలు పంచితే రిబ్బన్ కత్తిరించడానికి ఏమీ ఉండదు కదా.

ఐస్ లేకపోతే ఏమవుతుందో ట్యూనా విషయంలో చూడండి. ఎండలో పడి ఉన్న ట్యూనాలో బాక్టీరియా హిస్టమిన్ అనే పదార్థం తయారుచేస్తుంది. ఒకసారి తయారైతే ఉడికించినా, వేయించినా, డబ్బాలో పెట్టి సీల్ చేసినా పోదు. తిన్నవాళ్ళకి ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. అందుకే ఎగుమతి కొనుగోలుదారు మొదటి గంటల్లో చేపని ఎలా ఉంచారని అడుగుతాడు. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో ట్యూనా లాంటి చేపలకి కిలోకి సగటున 100 మిల్లీగ్రాములు దాటకూడదు. సముద్రంలో ఐస్ వెయ్యని చేపని రేవులో ఎంత గొప్ప కోల్డ్ స్టోరేజీలో పెట్టినా లాభం లేదు.

రేవుపిచ్చి:
మాస్టారూ, మరి ఐస్ ప్లాంట్లు ఉన్నచోట కూడా పనిచెయ్యలేదే? పసిఫిక్‌లోని సాలమన్ దీవుల్లో 1980ల నుంచి విదేశీ సాయంతో ఊరూరా చేపల కేంద్రాలు కట్టారు, ఐస్ మెషీన్లు పెట్టారు. చాలావరకు మూతపడ్డాయి.

ఉప్పుగాలి:
డీజిల్ అండీ. దీవిలో ఐస్ అంటే జనరేటర్. జనరేటర్ అంటే ఓడలో రావాల్సిన డీజిల్, ఓడలో రావాల్సిన స్పేర్ పార్టు, ఓడలో రావాల్సిన మెకానిక్కు. ఒక్క బేరింగు పోతే నెలల తరబడి ఆగిపోతుంది. ఐస్ ఉందో లేదో తెలియకుండా వేటకి వెళ్ళే మనిషి ఆ కేంద్రాన్ని నమ్మడు. సాలమన్‌లోనే జనం తమ దారి తాము చూసుకున్నారు: రాజధాని హోనియారాలో ఐస్ కొని, పెద్ద ఐస్ పెట్టెల్లో పోసి దీవుల మధ్య తిరిగే ఓడలో ఊరికి తెచ్చుకుంటారు. అదే పెట్టె నిండా చేపలు సర్ది మళ్ళీ అదే ఓడలో హోనియారా సెంట్రల్ మార్కెట్‌కి పంపుతారు. అంటే వాళ్ళ అసలు రేవు ఆ ఓడ డెక్కు. ఓడ ఒక రోజు లేటయితే పెట్టెలో ఏం మిగులుతుందో మీరే ఊహించుకోండి.

తెరచాప:
అందరూ ఐస్, జెట్టీ, పోటు అంటున్నారు. అప్పు గురించి ఒక్కరూ మాట్లాడలేదు!

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పడవ కొనడానికి ఎవడు డబ్బిచ్చాడో వాడి వాకిట్లోనే చేప దిగుతుంది. ఇండోనేషియాలో మకస్సర్ నగరం ఎదురుగా స్పెర్మోండే అని చిన్న చిన్న దీవుల గుంపు ఉంది. అక్కడ పుంగ్గావా అనే పెద్దమనిషి పడవకి, ఇంజనుకి, వలకి అప్పు ఇస్తాడు. వడ్డీ అని విడిగా అడగడు. చేపంతా తనకే అమ్మాలి, ధర తను చెప్పిందే. ఆ చేప అతని పడవలో మకస్సర్‌లోని పావోతెరె రేవుకి పోతుంది. ప్రభుత్వం వేలం షెడ్డు పెట్టి "రండి, పాటలో మంచి ధర వస్తుంది" అంటే ఆ మత్స్యకారుడు ఎలా వస్తాడు? వాడి చేప సముద్రంలో ఉండగానే అమ్ముడుపోయింది.

పగడపుదిబ్బ:
తెరచాప గారూ, మీరు చెప్పింది నిజమే గానీ సగమే. ఆ పుంగ్గావాని అక్కడ చాలామంది విలన్‌గా చూడరు. తుఫాను వచ్చి నెల రోజులు వేట లేకపోతే బియ్యం ఎవరిస్తారు? పిల్లకి జబ్బు చేస్తే రాత్రి పూట పట్నానికి పడవ ఎవరు కడతారు? చేప విపరీతంగా పడి ఎవరూ కొనని రోజున కూడా తనవాళ్ళ చేప తీసుకోవాల్సింది అతనే. బ్యాంకు ఇవేవీ చెయ్యదు. ధరలో కొంత కోసుకుంటాడు, నిజమే. అది వడ్డీ, బీమా, రవాణా అన్నీ కలిపిన ఖర్చు.

తెరచాప:
బీమా అయితే రసీదు చూపించమనండి. ఎంత కోస్తున్నాడో కోయించుకునేవాడికి తెలియకపోవడమే నా అభ్యంతరం. ఎప్పటికి తీరుతుందో తెలియని అప్పుని సాయం అనడానికి నాకు మనసొప్పదు.

నత్తగుల్ల:
గొడవ పడకండి బాబూ :) మీరిద్దరూ చెప్పేది ఒకే మాటకి దారి తీస్తోంది. కొనేవాడు ఒక్కడే అయితే ఏ రేవైనా ఒకటే.

వేలం బాగా నడిచే దీవులు లేకపోలేదు. హవాయిలో హోనొలులు చేపల వేలం చూడండి, యునైటెడ్ ఫిషింగ్ ఏజెన్సీ 1952 నుంచి నడుపుతోంది. తెల్లవారకముందే మొదలవుతుంది. పెద్ద ట్యూనాలని ఒక్కొక్కటిగా వరసలో పెడతారు, తోక దగ్గర కోత పెట్టి మాంసం చూపిస్తారు. కొనేవాళ్ళు రంగు, కొవ్వు చూసి చేప చేపకీ విడిగా పాట పాడతారు. ఐస్ బాగా వేసి జాగ్రత్తగా తెచ్చినవాడికి ఆ కష్టం ధరలో కనబడుతుంది. పెద్ద పడవలే కాదు, చిన్న పడవల చేప కూడా అక్కడికి వస్తుంది.

అట్లాంటిక్‌లో పోర్చుగల్‌కి చెందిన అజోర్స్ దీవుల పద్ధతి వేరు. తాజా చేప మొదటి అమ్మకం లోటా అనే వేలం ద్వారానే జరగాలని పోర్చుగల్ చట్టం. అజోర్స్‌లో లోటాసోర్ అనే ప్రభుత్వ సంస్థ చూసుకుంటుంది. ధర పైనుంచి కిందకి దిగుతూ వస్తుంది, ముందు ఆపినవాడికి చేప. చిన్న పడవవాడికి కూడా ఆ రోజు అమ్మినదానికి కాగితం వస్తుంది. ఆ కాగితమే రేపు లోనుకీ పెన్షనుకీ ఆధారం. తెరచాప గారు అడిగిన రసీదు ఇదే.

లెక్కలమాస్టారు:
కానీ రెండు చోట్లా కొనేవాళ్ళు చాలామంది ఉన్నారు, వెనకాల విమానాలు ఉన్నాయి, ఊళ్ళు ఉన్నాయి. నాలుగొందలమంది ఉండే దీవిలో ఇద్దరు కొనుగోలుదారులతో పాట పెడితే వాళ్ళు ముందే టీ తాగుతూ మాట్లాడుకుని వస్తారు.

కొత్తసభ్యుడు:
ఫోన్లు ఉన్నాయి కదా సార్ ఇప్పుడు? సముద్రంలోంచే నాలుగు రేవులకి ఫోన్ చేసి ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడికి వెళ్ళొచ్చు. ఒక యాప్ పెడితే అయిపోతుంది.

లెక్కలమాస్టారు:
బ్రదర్, మీ ఆలోచనకి ఆధారం ఉంది. కేరళ ఉత్తర తీరంలో 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చాక మత్తి (సార్డిన్) చేపల ధరలు రేవుకీ రేవుకీ మధ్య దాదాపు సమానమయ్యాయనీ, కొనేవాళ్ళు లేక పారబోయడం పోయిందనీ రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త 2007లో చూపించాడు. కాకపోతే అది పొడుగాటి తీరం, వరసగా రేవులు. దీవిలో పక్క రేవంటే పక్క దీవి. మధ్యలో నడిసముద్రం, నూనె ఖర్చు. ధర తెలియడం ఒక ఎత్తు, అక్కడికి వెళ్ళగలగడం ఇంకో ఎత్తు.

బుట్టమ్మ:
ఇంతసేపూ మగవాళ్ళ పడవ దగ్గరే తిరుగుతున్నారు. ఒడ్డు దాటాక చేప ఎవరి చేతిలో ఉంటుందో ఒక్కరైనా చెప్పలేదు.

ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వాళ్ళు 2023లో వేసిన పెద్ద అధ్యయనం ప్రకారం ప్రపంచంలో పట్టే చేపలో 40 శాతం చిన్నకారు వేటదే. పట్టడం నుంచి అమ్మడం దాకా ఆ రంగంలో ఉన్న ప్రతి పదిమందిలో నలుగురు ఆడవాళ్ళు. పసిఫిక్ దీవుల దేశం కిరిబాటిలో దక్షిణ తరావా రోడ్డు వెంట వెళ్తే ఐస్ పెట్టె పక్కన కూర్చుని చేప అమ్మేది ఆడవాళ్ళే. బార్బడోస్‌లో ఎగిరే చేపని చీల్చి ముళ్ళు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. ముల్లు తీసిన చేపకే గిరాకీ. చాలా ఇళ్ళల్లో భర్త పట్టిన చేప భార్యకే ఇస్తాడు, ఆమె అమ్ముతుంది, నూనె డబ్బులు ఆమే ఇస్తుంది. ఆ ఇంటికి సంబంధించినంతవరకూ మొదటి కొనుగోలుదారు ఆమే.

జెట్టీ ఊరికి దూరంగా కట్టి చుట్టూ కంచె వేసి గేటు పెడితే మొదట బయట పడేది ఈమె. పెద్ద వ్యాపారి లారీ లోపలికి వెళ్తుంది, బుట్ట వెళ్ళదు. మీ రిపోర్టుల్లో నీడ, నీళ్ళ కుళాయి, మరుగుదొడ్డి, రాత్రిపూట దీపం, ఇవి ఉన్నాయో లేదో చూడండి రేవుపిచ్చి గారూ. ఇవి లేని చోట ఆడవాళ్ళు తెల్లవారుజామున నిలబడరు. వాళ్ళు నిలబడని చోట చిన్న పడవ ఆగదు.

రేవుపిచ్చి:
బుట్టమ్మ గారూ, నా దగ్గరున్న వాటిలో ఒక్కదాంట్లో కూడా మరుగుదొడ్డి మాట లేదు. వెతికి మరీ చూశాను.

పగడపుదిబ్బ:
బుట్టమ్మ గారి మాటకి మాల్దీవుల చరిత్రే సాక్ష్యం. ఒకప్పుడు అక్కడ పడవ ఏ దీవిదో చేప ఆ దీవి ఒడ్డునే దిగేది. ఆడవాళ్ళు స్కిప్‌జాక్ ట్యూనాని ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి కట్టెలా గట్టిపడేదాకా ఆరబెట్టేవాళ్ళు. ఆ సరుకు శ్రీలంకకి పోయేది. 1970ల మొదట్లో శ్రీలంకకి విదేశీ మారకం కరువై దిగుమతి కోసేసింది. మార్కెట్టు ఒక్కసారిగా కుప్పకూలింది. 1972 నుంచి జపాన్ ఓడలు వచ్చి అటోళ్ళలో (ఉంగరంలా ఉండే పగడపు దీవుల వరసల్లో) లంగరు వేసి పచ్చి చేప కొనడం మొదలుపెట్టాయి. 1974 నుంచి తెరచాప పడవలకి ఇంజన్లు బిగించారు. 1970ల చివర్లో ఫెలివరు దీవిలో ట్యూనాని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ.

చేప దిగే చోటు ఒడ్డు నుంచి ఓడ పక్కకి మారింది. మగవాళ్ళకి చేతిలో డబ్బు పెరిగింది, సముద్రంలోనే అమ్మేసి వచ్చేవాళ్ళు. ఒడ్డున ఉడికించి ఎండబెట్టే ఆడవాళ్ళకి పని తగ్గిపోయింది. ఒక్క అమ్మకం చోటు మారితే ఇంట్లో లెక్కలన్నీ మారిపోయాయి.

ఉప్పుగాలి:
ఎండబెట్టడం గురించి ఎత్తారు కాబట్టి ఒక మాట. లక్షద్వీప్‌లో జనం ఉండే దీవులు పది, మొత్తం నేల 32 చదరపు కిలోమీటర్లు. ఐస్, విమానం, పెద్ద మార్కెట్టు ఇవన్నీ అందుబాటులో లేని చోట ట్యూనాని ఇలాగే ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి మాస్ అనే సరుకు చేసి దాచుకున్నారు. ఓడ ఎప్పుడొస్తే అప్పుడు పంపొచ్చు. పచ్చి చేప ఉన్నవాడు గంటల మీద బేరమాడాలి, మాస్ ఉన్నవాడు వారాల మీద బేరమాడొచ్చు. కరెంటు లేని కోల్డ్ స్టోరేజీ అన్నమాట! దీన్ని వెనకబాటుతనం అని రాసే రిపోర్టులంటే నాకు ఒళ్ళు మంట.

తెరచాప:
అందులోనూ ప్రధాన భూభాగం వ్యాపారి ముందే బయానా ఇచ్చి ఉంటే? వారాల బేరం వట్టిమాట. చేప ఎండిందా పచ్చిదా అన్నది రెండో ప్రశ్న, బాకీ ఉందా లేదా అన్నది మొదటిది.

నత్తగుల్ల:
అసలు అమ్మకమే లేని చోటు కూడా ఒకటి చెప్తాను. పసిఫిక్‌లో న్యూజిలాండ్ కింద ఉన్న టోకెలావ్ అనే మూడు అటోళ్ళ ప్రాంతంలో ఇనాతి అనే పద్ధతి ఉంది. ఊరంతా కలిసి వేటకి వెళ్ళినప్పుడు చేప అంతా ఒకే చోట దింపుతారు, కుటుంబంలో మనుషుల్ని బట్టి వాటాలు వేస్తారు. ముసలివాళ్ళకి, వేటకి వెళ్ళలేనివాళ్ళకి కూడా వాటా. అక్కడ దిగుబడి చోటు అంటే పంచే చోటు.

లెక్కలు రాసేవాళ్ళకి ఇది తలనొప్పి. సీషెల్స్‌లో బోనుల్లో పట్టిన చేపలు దారానికి గుచ్చి గుత్తుల లెక్కన అమ్ముతారు, కిలోల్లో కాదు. ఒక్కో గుత్తి బరువు ఎంతో తూచి సగటు కట్టాలి. చేప తక్కువ పడే రోజుల్లో గుత్తి సన్నబడుతుంది, ధర మాత్రం అదే ఉండొచ్చు. కాగితం మీద ధర స్థిరంగా కనబడుతుంది.

రేవుపిచ్చి:
ఇప్పుడు ఒక్క ప్రశ్న మిగిలింది. ఇవన్నీ దాటి నిలబడ్డ దీవులు ఏం చేశాయి?

పగడపుదిబ్బ:
జపాన్ దీవుల్లోని మత్స్య సహకార సంఘాలు చూడండి. 1948లో చట్టం వచ్చింది. ఐస్ సంఘమే ఇస్తుంది, నూనె సంఘమే ఇస్తుంది, అప్పూ పొదుపూ సంఘంలోనే, చేప కూడా సంఘమే పోగుచేసి ఓడెక్కించి పట్నం మార్కెట్‌లో అమ్మి కమిషన్ పట్టుకుంటుంది. అంటే పుంగ్గావా చేసే పనులన్నీ సంఘం చేస్తోంది, తెరచాప గారు అడిగిన రసీదుతో సహా. వేరే చోట్ల సంఘం పెట్టి ఐస్ మాత్రం ఇస్తారు, అప్పు ఇవ్వరు. అప్పు కోసం వ్యాపారి దగ్గరికి వెళ్ళినవాడు చేప కూడా అక్కడే దింపుతాడు. ఐస్ ప్లాంటు ఖాళీ.

తెరచాప:
ఈ ఒక్క పోస్టుతో నాకు పేచీ లేదు. కాకపోతే జపాన్ దీవుల్లో పడవ నడిపే కుర్రాళ్ళే కరువవుతున్నారు, సంఘాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. అది వేరే థ్రెడ్డు.

బుట్టమ్మ:
2014లో ఎఫ్ఏఓ ఒప్పుకున్న చిన్నకారు మత్స్య మార్గదర్శకాల్లో ఏడో అధ్యాయం మొత్తం పట్టిన తరవాతి పని, అమ్మకం, వ్యాపారం గురించే. ఆడవాళ్ళ పని, వాళ్ళకి కావలసిన సదుపాయాలు అందులో స్పష్టంగా ఉన్నాయి. రిపోర్టులో మరుగుదొడ్డి గురించి రాస్తే నవ్వుతారేమో అనుకోకండి, అది చూపించండి.

ఉప్పుగాలి:
రేవుపిచ్చి గారూ, ఎప్పుడైనా దీవికి వెళ్తే ఆఫీసులో లిస్టు తీసుకుని జెట్టీ దగ్గర నిలబడకండి. పోటు టైములు కనుక్కోండి. ఐస్ ఎవరి దగ్గర కొన్నారు, నూనె ఎవరి దగ్గర తీసుకున్నారు, ఇంజనుకి డబ్బు ఎక్కడిది, ఈ మూడూ పడవ పడవకీ అడగండి. ధర గురించి మొదటిరోజు అడగొద్దు, చెప్పరు. మూడింటికీ ఒకే పేరు వచ్చిందా, చేప ఎక్కడ దిగుతుందో మీకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

రేవుపిచ్చి:
రాసుకున్నాను అండీ. తేలుడు వేదికకి ఖర్చు ఎంతవుతుందో ఎవరికైనా తెలిస్తే మెసేజ్ పెట్టండి, దాని మీద విడిగా ఒక థ్రెడ్డు వేస్తాను.